కట్టప్పకీ డార్టాన్యన్‌కీ కత్తియుద్ధం జరిగితే ఎవరు గెలుస్తారు?



మన హాస్టల్లో ఒక తగువు చాలా రోజులుగా నడుస్తోంది. బాహుబలి సినిమా చూసినవాళ్ళు కట్టప్పను మించిన కత్తివీరుడు లేడంటారు. లైబ్రరీలో 'త్రీ మస్కెటీర్స్' కథల పుస్తకం చదివినవాళ్ళు డార్టాన్యన్ ముందు ఎవరూ నిలవలేరంటారు. అన్నం లైన్లో ఇదే మాట, స్టడీ అవర్లో ఇదే మాట. గట్టిగా అరిచినవాళ్ళది గెలుపు కాదు గదా. అందుకని ఈ తగువును ఒక పాఠంలాగా రాయాలనుకున్నాను. లెక్క చేసేటప్పుడు ముందు ఇచ్చినవి రాస్తాం, తరువాత కనుక్కోవలసినది రాస్తాం, ఆ తరువాత సాధన చేస్తాం. ఇక్కడ కూడా అలాగే చేస్తాను.

1. ఇచ్చినవి

డార్టాన్యన్: ఇతను ఫ్రాన్సు దేశంవాడు. ఈ పేరు ఇంగ్లీషులో రాసినప్పుడు మధ్యలో 'జి' అక్షరం ఉంటుంది, కాని దాన్ని పలకకూడదు. 'త్రీ మస్కెటీర్స్' నవలను అలెగ్జాండర్ డ్యూమా అనే రచయిత 1844లో రాశాడు. ఒక దినపత్రికలో సీరియల్ లాగా అది అచ్చయింది. కథ మాత్రం 1625 ఏప్రిల్ నెలలో మొదలవుతుంది. అప్పుడు డార్టాన్యన్‌కి సుమారు 18 ఏళ్ళు. గాస్కనీ అనే మారుమూల ప్రాంతం నుంచి రాజధాని పారిస్‌కి పని కోసం బయలుదేరతాడు. వాళ్ళది పేరున్న కుటుంబమే కాని డబ్బు లేదు. నాన్న అతనికి ముసలి గుర్రం ఒకటి, కొంచెం డబ్బు, ఒక ఉత్తరం ఇచ్చి పంపిస్తాడు. అమ్మ గాయాలు మానే మందు ఎలా చేయాలో చెప్పి పంపిస్తుంది. ఆ గుర్రం పసుపు రంగులో ఉంటుంది. దాన్ని చూసి దారిలో ఒక పెద్దమనిషి నవ్వుతాడు. డార్టాన్యన్ కత్తి దూస్తాడు. ఆ కత్తి విరిగిపోతుంది, ఉత్తరం దొంగతనం అవుతుంది, ఒంటి నిండా దెబ్బలు తగులుతాయి. మొదటి పోరులోనే అలా అయిందన్నమాట.

ఇతను పూర్తిగా కల్పన కాదు. డార్టాన్యన్ అనే సైనికాధికారి నిజంగా ఉండేవాడు. 1673లో మాస్ట్రిక్ట్ కోట ముట్టడిలో చనిపోయాడు. డ్యూమా ఆ పేరు తీసుకుని కథ అల్లుకున్నాడు. మనం మాట్లాడుకునేది కథలోని డార్టాన్యన్ గురించే.

కట్టప్ప: ఇతను మాహిష్మతి అనే రాజ్యంలో ఉంటాడు. కథ వి. విజయేంద్రప్రసాద్ గారిది, దర్శకుడు ఎస్.ఎస్. రాజమౌళి గారు. మొదటి భాగం 2015 జులైలో, రెండవ భాగం 2017 ఏప్రిల్లో విడుదలయ్యాయి. కట్టప్ప వేషం సత్యరాజ్ గారు వేశారు. కట్టప్ప పూర్వీకులు మాహిష్మతి సింహాసనానికి బానిసలుగా ఉంటామని మాట ఇచ్చారు. కాబట్టి కట్టప్ప కూడా పుట్టుకతో బానిస. రాజ్యంలో అంత పేరున్న వీరుడు, యువరాజులు మామా అని పిలిచే మనిషి, అయినా బానిసే.

2. కనుక్కోవలసినది

ఈ ఇద్దరూ ఒకరికొకరు ఎదురుపడి, ఒకరితో ఒకరు కత్తి కలిపితే ఎవరు గెలుస్తారు?

3. ముందుగా పెట్టుకోవలసిన నియమాలు

కబడ్డీ ఆడేవాళ్ళనీ ఖోఖో ఆడేవాళ్ళనీ ఒకే గ్రౌండులో దింపితే ముందు ఏ ఆటో చెప్పాలి. రెండు వేరు వేరు కథల మనుషులు కూడా అలాంటివాళ్ళే. అందుకని నేను మూడు నియమాలు పెట్టుకున్నాను.

మొదటి నియమం: కథలో కనిపించినదే సాక్ష్యం. "మా కట్టప్ప అయితే వందమందిని కొడతాడు" అంటే కుదరదు. ఎక్కడ కొట్టాడో చూపించాలి.

రెండవ నియమం: రెండు లోకాలకూ ఒకే నేల, ఒకే బరువు. మాహిష్మతిలో తాటిచెట్లను వంచి వదిలితే మనుషులు ఎగిరి కోటలో పడతారు. మన సైన్సు పాఠం ప్రకారం అలా పడితే ఎముకలు మిగలవు. డ్యూమా పుస్తకంలో భుజానికి కత్తి గుచ్చుకుంటే మనిషి మంచం పడతాడు. అందువల్ల ఇద్దరినీ మన స్కూలు గ్రౌండు లాంటి మామూలు నేల మీద నిలబెడదాం. దెబ్బ తగిలితే రక్తం వస్తుంది, పరుగెత్తితే ఆయాసం వస్తుంది.

మూడవ నియమం: రచయిత సాయం లేదు. కథలో హీరో చావడు, ఎందుకంటే కథ ఇంకా మిగిలి ఉంటుంది. మన గ్రౌండులో ఆ ధీమా ఎవరికీ లేదు.

4. సాధన

(అ) ఆయుధాలు

డార్టాన్యన్ కాలంలో ఫ్రాన్సులో వాడిన కత్తి పేరు రేపియర్. అది సన్నగా, నిటారుగా, పొడుగ్గా ఉంటుంది. కత్తి అలుగు సుమారు ఒక మీటరు. బరువు కిలో, లేదా కిలోకి కొంచెం ఎక్కువ. పాతకాలం కత్తులు పది కిలోలు ఉండేవని కొందరు అనుకుంటారు. అది నిజం కాదు. ఒంటి చేత్తో పట్టే కత్తులు ఎక్కువగా కిలో, కిలోన్నర లోపలే ఉండేవి. అంతకంటే బరువైతే రెండు నిమిషాలకే చెయ్యి పడిపోతుంది.

రేపియర్ ముఖ్యంగా గుచ్చడానికి. మాహిష్మతి కత్తులు సినిమాలో చూస్తే వెడల్పుగా, నరకడానికి వీలుగా ఉంటాయి. ఈ తేడా మనకు బాగా తెలిసిందే. గునపానికీ గొడ్డలికీ ఉన్న తేడా అది. గొడ్డలి వేటు వేయాలంటే ముందు పైకెత్తాలి. ఎత్తినప్పుడు ఒళ్ళు తెరుచుకుని ఉంటుంది. గునపం అయితే ఉన్నచోటు నుంచి ముందుకు పొడిస్తే చాలు. లెక్కల్లో చదివాం, రెండు బిందువుల మధ్య సరళరేఖే అతి తక్కువ దూరం. గుచ్చే కత్తి సరళరేఖలో వెళ్తుంది. నరికే కత్తి చాపం గీసుకుంటూ వస్తుంది. కాబట్టి మొదటి దెబ్బ అందేది రేపియర్‌దే.

అయితే ఒక మాట. గుచ్చిన పోటు లోపలికి దిగినా ఎదుటివాడు వెంటనే పడిపోడు. కొన్ని క్షణాలు నిలబడగలడు. ఆ క్షణాల్లో అతను తిరిగి నరకవచ్చు. నరికిన వేటుకి చెయ్యే తెగితే కత్తి అక్కడే పడిపోతుంది. అందువల్ల పొడిచినవాడు వెంటనే వెనక్కి దూకాలి. దూకకపోతే ఇద్దరూ పోతారు.

(ఆ) పోరాడే పద్ధతి

డార్టాన్యన్ పారిస్ చేరాక ఒకే పగలు ముగ్గురితో తగువు పెట్టుకుంటాడు. అథోస్‌తో మధ్యాహ్నం 12 గంటలకి, పోర్థోస్‌తో 1 గంటకి, అరామిస్‌తో 2 గంటలకి కత్తియుద్ధం ఒప్పుకుంటాడు. అథోస్‌కి అప్పటికే భుజం మీద గాయం ఉంటుంది. పోరుకి ముందు డార్టాన్యన్ అతనితో, మా అమ్మ చెప్పిన మందు రాసుకో, మూడు రోజుల్లో మానుతుంది, తరువాతే కొట్టుకుందాం అంటాడు. చంపుకోవడానికి వచ్చి మందు ఇస్తానంటాడు! నాకు అతనిలో బాగా నచ్చింది ఇదే.

ఇంతలో ప్రధానమంత్రి కార్డినల్ రిషెల్యూ భటులు అయిదుగురు వచ్చి పట్టుకోబోతారు, ఎందుకంటే ద్వంద్వ యుద్ధం నేరం. డార్టాన్యన్ ఆ ముగ్గురి వైపు చేరి, భటుల నాయకుడు జుస్సాక్ మీద పడతాడు. జుస్సాక్ బాగా నేర్చినవాడు. డార్టాన్యన్ మాత్రం అతని చుట్టూ తిరుగుతూ, నిలబడే చోటు మార్చుకుంటూ, ఒక్కచోట నిలవకుండా ఆడతాడు. జుస్సాక్‌కి విసుగు, కోపం వస్తాయి. కోపంతో ఒక పెద్ద పోటు పొడవబోతే దాన్ని తప్పించి, కింద నుంచి దూరి కొడతాడు. దీన్నిబట్టి డార్టాన్యన్ బలం వేగం, ఎదుటివాడి కోపం.

కట్టప్ప కోపం తెచ్చుకునే మనిషి కాదు. కత్తులు అమ్మడానికి వేరే దేశం నుంచి వచ్చిన అస్లాం ఖాన్ అనే వ్యాపారి కట్టప్పతో కత్తి కలిపి, అతని విద్య చూసి ఆశ్చర్యపోతాడు. కాలకేయులతో యుద్ధంలోనూ కట్టప్ప ఉన్నాడు. వయసులో పెద్ద, ఎన్నో యుద్ధాలు చూసినవాడు. తొందరపడడు. మాటలతో రెచ్చగొడితే రెచ్చిపోడు. చిన్నప్పటి నుంచి మాటలు పడి అలవాటైనవాడికి మాట తగలదు. జుస్సాక్ మీద పనిచేసిన ఎత్తు కట్టప్ప మీద పనిచేయదు.

(ఇ) మార్కులు

ఒక్కొక్క సబ్జెక్టుకి 10 మార్కులు. ఇవి నేను వేసిన మార్కులు. మీరు వేరేగా వేసుకోవచ్చు, కాని కారణం రాయాలి.

వేగం: డార్టాన్యన్ 9, కట్టప్ప 7.
ఓర్పు: డార్టాన్యన్ 5, కట్టప్ప 9.
అనుభవం: డార్టాన్యన్ 5, కట్టప్ప 9.
కత్తి అందే దూరం: డార్టాన్యన్ 8, కట్టప్ప 6.
యుక్తి: డార్టాన్యన్ 8, కట్టప్ప 7.
మొత్తం 50కి: డార్టాన్యన్ 35, కట్టప్ప 38.

(ఈ) పోరు ఎలా సాగుతుంది

మొదట డార్టాన్యన్ చుట్టూ తిరుగుతాడు. కట్టప్ప కదలడు, పాదాలు మాత్రం తిప్పుకుంటాడు. రెండు మూడు పోట్లు కట్టప్ప చేతికి, భుజానికి గీరుకుంటాయి. కట్టప్ప ఆ పోట్లు ఎటునుంచి వస్తున్నాయో చూసుకుంటాడు. తరువాత డార్టాన్యన్‌కి ఆయాసం మొదలవుతుంది. తిరిగేవాడు అలసిపోతాడు, నిలబడ్డవాడు అలసిపోడు. చివరికి డార్టాన్యన్ అందరికంటే బాగా తెలిసిన తన ఎత్తు వేస్తాడు, వంగి కింద నుంచి దూరతాడు. కట్టప్ప ఎదురుచూసేది అదే. కత్తిని పక్కకి కొట్టి, వెనక్కి పోనివ్వకుండా దగ్గరికి వస్తాడు. దగ్గరయ్యాక పొడుగు కత్తికి చోటు చాలదు. కాబట్టి కత్తికి కత్తి చూస్తే కట్టప్ప గెలుస్తాడని నా సాధన.

కట్టప్ప పార్టీవాళ్ళు అప్పుడే చప్పట్లు కొట్టవద్దు. సాధన ఇంకా పూర్తి కాలేదు.

5. "మొదలుపెట్టండి" అని ఎవరు అన్నారు?

కత్తులు కలిసే ముందు ఒక చిన్న ప్రశ్న ఉంది. వీళ్ళిద్దరూ అసలు ఎందుకు కొట్టుకుంటున్నారు?

డార్టాన్యన్ లోకంలో ద్వంద్వ యుద్ధం అంటే ఇద్దరు సమానులు తమ ఇష్టంతో చేసేది. ఒకడు పిలుస్తాడు, రెండోవాడు ఒప్పుకుంటాడు. రాజు వద్దన్నా చేసేవారు. అందుకే దాని మీద 1626లో ఇంకా గట్టి చట్టం తెచ్చారు. 1627లో పారిస్‌లో పట్టపగలు ద్వంద్వ యుద్ధం చేసిన బూట్‌విల్ అనే ప్రభువుకి మరణశిక్ష వేసి తల తీయించారు. ఇది కథ కాదు, చరిత్ర. కాని ఆ సమానులలో నౌకర్లు లేరు. నవలలో నలుగురు వీరులకీ నలుగురు నౌకర్లు ఉన్నారు. వాళ్ళను ఎవరూ ద్వంద్వ యుద్ధానికి పిలవరు. బానిసను అసలే పిలవరు. అంటే డార్టాన్యన్ తన లోకం నియమం ప్రకారం కట్టప్పను పిలవలేడు.

ఇటు కట్టప్ప. డార్టాన్యన్ వచ్చి తిట్టినా, మీద పడినా, తన కోసం తాను పోరాడడం అతనికి అలవాటు లేదు. సింహాసనం చెప్పాలి. చెప్పకపోతే కత్తి ఒరలోనే ఉంటుంది. కాబట్టి అతని నుంచి కూడా పోరు మొదలవదు.

సింహాసనం చెబితే? అప్పుడు అది ద్వంద్వ యుద్ధం కాదు, ఆజ్ఞ. ఆజ్ఞ వస్తే కట్టప్ప ఏం చేస్తాడో మనం చూశాం. తను ఎత్తుకుని పెంచినంత ప్రేమగా చూసుకున్న అమరేంద్ర బాహుబలిని శివగామి చెప్పిందని వెనక నుంచి పొడిచాడు. ఏడుస్తూనే పొడిచాడు. దేవసేనను 25 ఏళ్ళు గొలుసులతో కట్టి ఉంచిన రాజు దగ్గరే కాపలా కాశాడు. అతనికి తప్పు తెలియక కాదు. తెలిసినా చెయ్యి తన మాట వినదు. ఆ చెయ్యి అతనిది కాదు.

ఇక్కడ నేను మార్కుల్లో ఆరో సబ్జెక్టు కలుపుతున్నాను. దాని పేరు 'సొంత నిర్ణయం'. డార్టాన్యన్‌కి 9 వేశాను. కట్టప్పకి సున్నా వేయలేదు. ఆబ్సెంట్ అని వేశాను. పరీక్ష రాసి తప్పినవాళ్ళకి సున్నా వస్తుంది. కట్టప్పకి అసలు హాల్ టికెట్టే ఇవ్వలేదు.

6. ఇద్దరూ వద్దన్నారు, కాని ఒకటి కాదు

మా రూములో ఒక అక్క ఇలా అడిగింది: "అస్లాం ఖాన్ డబ్బు కట్టి విడిపిస్తానంటే కట్టప్పే వద్దన్నాడు గదా? మరి అది సొంత నిర్ణయం కాదా ఏటి?"

మంచి ప్రశ్న. దీనికి జవాబు డార్టాన్యన్ కథలోనే దొరికింది. డార్టాన్యన్‌కి కూడా ఒకసారి అలాంటిదే ఎదురవుతుంది. కార్డినల్ రిషెల్యూ అతన్ని పిలిపించి, నా భటుల్లో అధికారి పదవి ఇస్తాను, నా వైపు వచ్చెయ్ అంటాడు. చాలా పెద్ద అవకాశం. డార్టాన్యన్ వద్దంటాడు. ఎందుకంటే తన స్నేహితులందరూ ఇటువైపు ఉన్నారు, శత్రువులందరూ అటువైపు ఉన్నారు. వద్దన్నాక భయపడతాడు కూడా.

ఇద్దరూ వద్దన్నారు. తేడా ఏమిటంటే, డార్టాన్యన్ తను కలిపిన స్నేహం కోసం వద్దన్నాడు. ఆ స్నేహం అతను ఒక మధ్యాహ్నం కత్తి పట్టుకుని తానే ఎంచుకున్నాడు. కట్టప్ప ఎప్పుడో చనిపోయిన తాతముత్తాతలు ఇచ్చిన మాట కోసం వద్దన్నాడు. ఆ మాట ఇచ్చినప్పుడు కట్టప్ప పుట్టలేదు. అతన్ని ఎవరూ అడగలేదు. మనం సినిమా చూస్తూ దాన్ని విశ్వాసం అంటాం, చప్పట్లు కొడతాం. నా ఉద్దేశంలో విశ్వాసం అనేది వద్దు అనే హక్కు ఉన్నవాళ్ళకే ఉంటుంది. ఆ హక్కు లేనివాళ్ళది విశ్వాసం కాదు, కట్టుబాటు.

ఇంకో అక్క, చివర్లో కట్టప్ప మంచి పక్షాన పోరాడాడు గదా అంది. నిజమే, మహేంద్ర బాహుబలి పక్షాన పోరాడాడు. కాని అతన్ని మొదటిసారి గుర్తుపట్టినప్పుడు ఏం చేశాడో గుర్తు తెచ్చుకోండి. మోకాళ్ళ మీద కూలబడి, అతని పాదం తీసి తన నెత్తి మీద పెట్టుకున్నాడు. మంచి యజమాని దొరికాడు. యజమాని లేకుండా మాత్రం ఉండలేదు.

7. ఇది కథల్లోనే ఉందా?

లేదు. మా అవ్వ చెప్పిన సంగతి ఒకటి రాస్తాను. మా ముత్తాత, అంటే మా తాత వాళ్ళ నాన్న, ఒక షావుకారు దగ్గర గొత్తి ఉండేవాడట. గొత్తి అంటే అప్పు తీరేవరకు ఆ ఇంట్లో చాకిరీ చేయడం. అప్పు మాత్రం మా ముత్తాతది కాదు. వాళ్ళ నాన్న ఒక కరువు ఏడాది తిండిగింజలు తెచ్చుకున్నాడు. ఆయన చనిపోయాక అప్పు కొడుకు మీదికి వచ్చింది. ఎంత చేసినా ఎంత తీరిందో తెలియదు, ఎందుకంటే లెక్క రాసేది షావుకారు, చదవడం మా ఇంట్లో ఎవరికీ రాదు. మా ముత్తాత విల్లు పడితే గురి తప్పేది కాదని మా ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. అయినా వేట మాంసంలో మంచి ముక్క షావుకారు ఇంటికే వెళ్ళేదట. పందెంలో మా ముత్తాత గెలిస్తే, ఫలానా షావుకారు మనిషి గెలిచాడు అనేవారట. పేరు కూడా ఆయనది కాదు.

అందుకే కట్టప్ప కత్తి తిప్పుతుంటే మా అవ్వ చప్పట్లు కొట్టలేదు. "పాపం, ఎవరి కోసమో" అంది.

సోషల్ పాఠంలో మనం రాజ్యాంగం 23వ అధికరణం చదివాం. మనుషుల చేత బలవంతంగా చాకిరీ చేయించకూడదని అందులో ఉంది. దాన్ని అమలు చేయడానికి 1976లో వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం వచ్చింది. అప్పు కోసం చేసేదే కాదు, ఆచారం పేరుతో చేసేది, ఫలానా కులంలో పుట్టావు కాబట్టి చెయ్ అని చేయించేది, పూర్వీకుల నుంచి వారసత్వంగా మీద పడినది, ఇవన్నీ వెట్టిచాకిరీ కిందికే వస్తాయి. ఆ చట్టంలో వెట్టి, జీతా, భగేలా, పాలేరు వంటి పేర్లు కూడా రాసి ఉన్నాయి. ఊరికో పేరు ఉన్నా పని ఒకటే. ఆ చట్టంతో అలాంటి అప్పులు రద్దయ్యాయి. వెట్టి చేయించినవారికి మూడేళ్ళ వరకు జైలు, రెండు వేల రూపాయల వరకు జరిమానా వేయవచ్చు.

ఇప్పుడు కట్టప్పను ఈ చట్టం పక్కన నిలబెట్టండి. పూర్వీకుల మాట వల్ల వారసత్వంగా వచ్చిన చాకిరీ. మాహిష్మతికి కలెక్టరు ఉండి ఉంటే, అస్లాం ఖాన్ డబ్బు ఇవ్వనక్కర లేకుండానే కట్టప్ప బయటికి వచ్చేవాడు. విడుదల అంటే ఎవరో కొనివ్వడం కాదు, అది హక్కు.

చట్టం ఊరికే రాలేదు. మన ఏజెన్సీలో రోడ్లు వేయడానికి సరైన కూలి ఇవ్వకుండా గిరిజనుల చేత పని చేయించారు. 1922 నుంచి 1924 వరకు అల్లూరి సీతారామరాజు గారితో కలిసి మన్యం ప్రజలు చేసిన తిరుగుబాటుకి ఉన్న కారణాల్లో అదొకటి. వాళ్ళు పట్టిన ఆయుధాలు ఎవరి ఆజ్ఞతోనూ పట్టినవి కావు.

8. డార్టాన్యన్‌ని రాసిన చెయ్యి

ఫ్రాన్సు అంటే అందరూ స్వేచ్ఛగా ఉన్న దేశం అని అనుకోవద్దు. డార్టాన్యన్ కథ రాసిన డ్యూమా సంగతి వినండి. ఆయన నాయనమ్మ పేరు మరీ సెసెట్. ఆమె ఆఫ్రికా సంతతి స్త్రీ. ఫ్రాన్సు ఏలిన సెయింట్ డొమింగ్ అనే ప్రాంతంలో బానిస. దాన్ని ఇప్పుడు హైతీ దేశం అంటాం. ఆమె కొడుకు, అంటే డ్యూమా నాన్న, 1762లో బానిస తల్లికి పుట్టాడు. తరువాత ఫ్రాన్సు చేరి, సైన్యంలో చేరి, జనరల్ అయ్యాడు. కత్తియుద్ధంలో గొప్ప పేరు తెచ్చుకున్నాడు. ఆ జనరల్ కొడుకే మన రచయిత.

నవల వచ్చింది 1844లో. ఫ్రాన్సు తన వలస దేశాల్లో బానిసత్వాన్ని ఆఖరుగా రద్దు చేసింది 1848లో. అంటే పారిస్‌లో జనం డార్టాన్యన్ సాహసాలు చదివి సంతోషపడుతున్న రోజుల్లో, అదే దేశం జెండా కింద వేరే చోట మనుషులు బానిసలుగా ఉన్నారు. డ్యూమా 1870లో చనిపోయాడు. 2002లో ఆయన అస్థికలను ఫ్రాన్సు తన గొప్పవాళ్ళను ఉంచే పాంథియన్ భవనానికి మర్యాదలతో తీసుకువెళ్ళింది. బానిస మనవడు రాసిన వీరుడు డార్టాన్యన్. ఆ వీరుడికి ఎవరికీ తలవంచని కత్తి ఎందుకు ఇచ్చాడో నాకు అర్థమైనట్టే ఉంది.

9. జవాబు

ప్రశ్న: ఎవరు గెలుస్తారు?

(1) కత్తి విద్య ఒక్కటే చూస్తే కట్టప్ప, మూడు మార్కుల తేడాతో.

(2) ఇద్దరి లోకాల నియమాలు చూస్తే అసలు పోరు జరగదు. డార్టాన్యన్ పిలవకూడదు, కట్టప్ప ఒప్పుకోకూడదు.

(3) రాజు ఆజ్ఞతో జరిగితే కట్టప్ప కత్తి గెలుస్తుంది. కాని ఆ గెలుపు కట్టప్ప ఖాతాలో పడదు, సింహాసనం ఖాతాలో పడుతుంది. మా ముత్తాత పందెం లాగా.

(4) కట్టప్ప విడుదలై, తన ఇష్టంతో గ్రౌండులోకి వస్తే? ఆ కట్టప్ప ఎలా పోరాడతాడో సినిమాలో ఎక్కడా లేదు. మన మొదటి నియమం ప్రకారం సాక్ష్యం లేదు కాబట్టి మార్కులు వేయలేను. ఆ పోరు చూడాలని మాత్రం నాకు చాలా కోరిక. ఎవరు ఓడినా డార్టాన్యన్ దగ్గర అమ్మ చెప్పిన మందు ఉంది కాబట్టి భయం లేదు.

కాబట్టి అక్కలారా, చెల్లెళ్ళారా, ఎవరు గొప్ప అని తగువు పడే ముందు ఎవరి కోసం, ఎవరు చెబితే అని ఒక్కసారి అడుగుదాం. ఆటలోనైనా, పనిలోనైనా, పెళ్ళి విషయంలోనైనా. మనల్ని పదో తరగతి కాకుండానే ఇంటికి రమ్మని కబురు వస్తే, ఆ మాట ఎవరు ఎవరికి ఇచ్చారో, మనల్ని అడిగారో లేదో అడగడం నేర్చుకుందాం. వద్దు అనడం కూడా ఒక విద్యే. అది కత్తి లేకుండా నేర్చుకోవచ్చు.

కొత్త మాటలు

రేపియర్: గుచ్చడానికి వాడే సన్నని పొడుగు కత్తి.
ద్వంద్వ యుద్ధం: ఇద్దరు ఒప్పుకుని చేసే పోరు.
గొత్తి, వెట్టి: అప్పు పేరుతోనో, ఆచారం పేరుతోనో చేయించుకునే చాకిరీ.
అధికరణం: రాజ్యాంగంలో ఒక్కొక్క నియమం.

అభ్యాసం

1. నరికే కత్తి కంటే గుచ్చే కత్తి ముందు ఎందుకు అందుతుంది? బొమ్మ గీసి చెప్పండి.
2. డార్టాన్యన్ వద్దన్నదానికీ, కట్టప్ప వద్దన్నదానికీ తేడా అయిదు వాక్యాల్లో రాయండి.
3. 1976 చట్టం ప్రకారం కట్టప్పది వెట్టి అవునా, కాదా? కారణం రాయండి.
4. మీ ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి, మీ ఊళ్ళో ఇలాంటి చాకిరీకి ఏ పేరు ఉండేదో తెలుసుకుని రండి.

జవాబులు చిన్న కాగితం మీద రాసి ఈ గోడపత్రిక కింద అంటించండి. కట్టప్ప పార్టీ, డార్టాన్యన్ పార్టీ ఇద్దరూ రాయవచ్చు. మార్కులు వార్డెన్ మేడమ్ గారిని అడిగి వేయిద్దాం.

— 9వ తరగతి విద్యార్థిని